అనుమానం కుప్ప

గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఫిలాసఫీ చెబుతున్నాను. నా పాఠం విని ఫిలాసఫీ మీద ఇష్టం పెంచుకున్నవాళ్ళు ఎందరున్నారో చెప్పలేను గానీ, కామర్స్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్ళు మాత్రం బోలెడంతమంది. మొదటి వారం నా ఎదురుగా కూర్చునేవాళ్ళు, రెండో వారానికల్లా గ్రూపు మార్పు కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గది ముందు వరసలో ఉండేవాళ్ళు. ఒక ఏడాది కామర్స్ లెక్చరరు నా బల్ల మీద స్వీట్ ప్యాకెట్ పెట్టి, చిన్నగా నవ్వి వెళ్ళాడు. ఎందుకండీ అని నేను అడగలేదు. పూతరేకులు బాగానే ఉన్నాయి.

నా పద్ధతి చాలా పకడ్బందీగా ఉండేది. మొదటి రోజు నిర్వచనం. 'తత్త్వశాస్త్రం అనగా' అని మొదలుపెట్టి బోర్డు మీద నాలుగు వరసలు నింపేవాణ్ణి. రెండో రోజు శాఖలు, మూడో రోజు చరిత్ర. మా గురువు గారు నాకు ఇలాగే చెప్పారు. ఆయన చెప్పినప్పుడు నాకు వెనక బెంచీలో హాయిగా నిద్ర పట్టేది. ఆ సంగతి మాత్రం ఉద్యోగంలో చేరిన రోజే ఎలాగో మర్చిపోయాను.

ప్రయోగాలు చెయ్యలేదని కాదు. ఒక ఏడాది బోర్డు మీద 'నేనెవరు?' అని రాసి, అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఆలోచించమన్నాను. కళ్ళు తెరిచేసరికి సగం బెంచీలు ఖాళీ. నేను కూడా మూసుకోవడమే పొరపాటు. మరో ఏడాది దేన్నైనా సరే అనుమానించండి, అదే ఫిలాసఫీకి తలుపు అన్నాను. మర్నాడు హాజరు పిలుస్తుంటే ఒకడు పలకడు. ఏరా అంటే, "ఉన్నానో లేదో ఇంకా తేలలేదు సార్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వాడికి ఆబ్సెంటు వేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏడాది మొత్తానికి ఫిలాసఫీ అర్థమైనవాడు వాడొక్కడేనేమో అనిపిస్తుంది.

పోయిన సంవత్సరం జనవరిలో ప్రిన్సిపాల్ గారు పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే మంచి వార్త కాదని స్టాఫందరికీ తెలుసు.

"ఏప్రిల్లో పిల్లల దగ్గర వచ్చే ఏడాదికి ఆప్షన్ ఫారాలు తీసుకుంటాం సార్. ఫిలాసఫీకి ఏడు ఫారాలు రావాలి. వస్తే కోర్సు ఉంటుంది. ఆరొస్తే మూసేద్దాం. మీకేం ఇబ్బంది లేదు, కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పుకోవచ్చు. మీరంటే నాకు గౌరవం. కానీ ఆ రూము కంప్యూటర్ ల్యాబుకి కావాలి."

నాకు భయం వేసింది. దాచుకోవడం దేనికి? యాభై మూడేళ్ళ వయసులో టై కట్టుకుని, చెయ్యి ఎలా కలపాలో, ఇంటర్వ్యూలో ఎంతవరకు నవ్వాలో పిల్లలకి నేర్పడం ఊహించుకుంటే ఆ రాత్రి అన్నం సయించలేదు. ఫిలాసఫీ నేను సరిగ్గా చెప్పి ఉండకపోవచ్చు. కానీ నాకు అదంటే ప్రాణం. చెప్పడం రాకపోవడం వేరు, ప్రేమ లేకపోవడం వేరు.

లెక్క చూసుకున్నాను. క్లాసులో తొమ్మిది మంది. సంక్రాంతి సెలవుల తర్వాత ఇద్దరు కామర్స్‌కి వెళ్ళిపోయారు. మిగిలింది సరిగ్గా ఏడుగురు. ఫిబ్రవరి చివర్లో ఆ ఏడుగురిలో ఒకమ్మాయి రావడం మానేసింది.

ఆ అమ్మాయిది ప్రత్తిపాడు వైపు పల్లె. మొదటి బెంచీలో చివర కూర్చునేది, నోట్సు గుండ్రటి అక్షరాలతో రాసుకునేది. టర్ము మొదటి రోజే నా నాలుగు వరసల నిర్వచనం మధ్యలో లేచి నిలబడింది.

"సార్, సగం ఎరుపు, సగం తెలుపు ఉండే మిరపకాయ ఉంటది కదా. ఆసామి దాన్ని మంచి కాయంటాడు. మా అమ్మ తాలంటది. ఇద్దరూ చూసేది ఒకే కాయ. మరి ఆ తాలు కాయలో ఉన్నట్టా, వాళ్ళ కళ్ళల్లో ఉన్నట్టా?"

రంగు పోయి పాలిపోయిన కాయని మా వైపు తాలు అంటారు. తాలు, మిరపకాయ అనగానే క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా సిగ్గుమాలిన పని. "మిరపకాయలు మిర్చి యార్డులో చూసుకుందామమ్మా, ఇది ఫిలాసఫీ. అయినా ఇలాంటివి మూడో యూనిట్లో వస్తాయి, అక్కడ జవాబుంది, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ తర్వాత మూడుసార్లు, వరండాలో ఎదురుపడ్డప్పుడల్లా, "మూడో యూనిట్ ఎప్పుడు సార్?" అని అడిగింది. వచ్చే వారం అని మూడుసార్లూ చెప్పాను. మా సిలబస్‌లో అయిదు యూనిట్లున్నాయి. నేను నా సర్వీసులో రెండో యూనిట్ సగం దాటిన పాపాన పోలేదు.

మార్చి రెండో వారంలో ఆ పిల్ల ఊరికి బయల్దేరాను. ఒక విద్యార్థిని చదువు ఆగిపోతుంటే గురువుగా చూస్తూ ఊరుకోలేనని మా ఆవిడతో గంభీరంగా చెప్పాను.

"ఏడో ఫారం కోసమే కదూ?" అంది, వంకాయ తరుగుతూ.

పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. నిర్వచనాలేవీ లేకుండానే ఆవిడ నన్ను పూర్తిగా అర్థం చేసుకుంది.

బస్సు దిగి ఆటో ఎక్కాను. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో కాయ ఎండబోసి ఉంది. ఆటో కుదిపిన ప్రతిసారీ ఒక తుమ్ము. ఇంటికి తాళం వేసి ఉంటే పక్కింటామె కల్లం దారి చూపించింది. అక్కడ పదిమంది ఆడవాళ్ళు ముక్కుకి తువ్వాళ్ళు కట్టుకుని మండుటెండలో కాయ ఏరుతున్నారు. వాళ్ళలోంచి ఆ అమ్మాయి లేచి నిలబడి, "అమ్మా, మా సారు" అంది. ఆ గొంతులో సంతోషం ఉందో కంగారు ఉందో నాకు తెలియలేదు.

వాళ్ళమ్మ ఆ ముఠాకి పెద్ద, అందరికీ మేస్త్రమ్మ. మెళ్ళో చిన్న సిలువ, మోచేతుల దాకా తొడుక్కున్న పాత చొక్కా చేతులు. ఆవిడ ఒక్క కేక వేసేసరికి ఎక్కడినుంచో ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. రెండు కర్రలు పాతి, వాటికి ఒక పాత ఎర్ర చీర కట్టి నాకు నీడ ఏర్పాటు చేశారు. వాళ్ళంతా ఎండలో, నేనొక్కణ్ణే నీడలో. వద్దమ్మా అన్నాను గానీ, వద్దన్నంత గట్టిగా అనలేదు.

"ఏంటండీ సారూ, ఇంత దూరం వచ్చారు?"

"పాప కాలేజీకి రావడం లేదమ్మా."

"కాయ పనులండీ. ఈ నెలంతా ఇంతే. పరీక్షలకి వచ్చిద్ది లెండి. అసలు అదేం చదువండీ? దీన్నడిగితే నాకూ తెలీదంటది."

దొరికిందే సందని నిర్వచనం అప్పజెప్పాను. నాలుగు వరసలూ. పదిమంది చేతులూ ఆగిపోయాయి. చివర కూర్చున్న ముసలావిడ తువ్వాలు కిందికి లాగి, "మా పాస్టరు గారు గూడా ఇట్టాగే చెప్తారయ్యా. కాకపోతే ఆఖర్న పాటన్నా ఉండిద్ది" అంది. కల్లమంతా నవ్వు. నా శిష్యురాలు తల వంచుకుని మరీ నవ్వింది.

మాట మార్చాలి కదా. అటూ ఇటూ చూశాను. ఒక పక్క ఎర్ర కాయ కుప్ప, ఇంకో పక్క తాలు కుప్ప. ఆవిడ కాలి దగ్గర మూడో కుప్ప, చిన్నది.

"అదేమిటమ్మా?"

"అనుమానం కాయలండీ. ఇటూ చెప్పలేం, అటూ చెప్పలేం. పొద్దు వాలాక చూస్తాం."

నాలోని గుంటూరు వాడికి రోషం వచ్చింది. పుట్టినప్పట్నుంచీ మిరపకాయలు తింటున్నవాణ్ణి, ఈ మాత్రం చెప్పలేనా? "దీనికి సాయంత్రం దాకా దేనికమ్మా, చూస్తే తెలియదూ? ఇలా ఇవ్వండి" అని ఆ కుప్పని నా కుర్చీ ముందు పోయించుకున్నాను. ఎర్ర చీర నీడలో కూర్చుని పది నిమిషాల్లో తేల్చేశాను. నాలుగో అయిదో తాలు. మిగతావన్నీ నిగనిగలాడే మంచి కాయలు. "చూశారా, అనవసరంగా అనుమానపడుతున్నారు" అన్నాను.

"అట్టాగేనండీ" అందావిడ. నా కుప్ప మీద ఒక గోనె పట్టా కప్పారు.

అప్పుడే ఒక కొత్త కోడలు పనిలోకి వచ్చింది. ఈ పని ఎప్పుడూ చెయ్యలేదట. ఆవిడకి మేస్త్రమ్మ తాలంటే ఏమిటో, మంచి కాయంటే ఏమిటో చెబుతుందని చెవులు రిక్కించాను. ఏమీ చెప్పలేదు. రెండు గుప్పిళ్ళ అనుమానం కాయలు ఆ పిల్ల ఒళ్ళో పోసి, "ఏది ఎందులో ఏస్తావో ఏసి, ఎందుకేశావో చెప్పు" అంది, అంతే. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. ఒక్కో కాయని తిప్పి తిప్పి చూసింది, వాసన చూసింది, వేళ్ళతో నొక్కింది.

నేను ఉండబట్టలేక, "ముందు తాలంటే ఇదీ అని చెప్పాలి కదమ్మా. కొత్త మనిషికి కష్టమైనవి ముందే ఇస్తే ఎలా?" అన్నాను.

"తాలంటే ఇదీ అని చెప్తే, ఇంక అది కాయని చూడదండీ, నా మాటని చూసిద్ది. తేటగా ఉన్నయి ఎవరన్నా ఏరతారు సారూ. వీటితో రెండు రోజులు తంటాలు పడితే, ఆనక ఆ పెద్ద కుప్పలు చెయ్యే ఏరుకుద్ది."

ఇరవై రెండేళ్ళ నా నోట్సు పుస్తకం కళ్ళ ముందు కదిలింది. అందులో తేటగా ఉన్నవి తప్ప ఇంకేమీ లేవు. కుర్చీలో ఇబ్బందిగా సర్దుకుని కూర్చున్నాను.

పొద్దు వాలింది. అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఇది రోజూ జరిగే పనేనట. అనుమానం కాయల్ని మధ్యలో పోస్తారు. చేతిలోకి తీసుకున్న మనిషి అది ఎందులోకో, ఎందుకో చెప్పాలి, మిగతావాళ్ళు కాదనొచ్చు. మిట్ట మధ్యాహ్నం ఎండకి కళ్ళు మోసపోతాయని ఆ పని సాయంత్రానికి ఉంచుతారు. ముందుగా నా కుప్ప మీద పట్టా తీశారు.

ఓరి నాయనో! నిగనిగలాడిన నా మంచి కాయల్లో సగానికి సగం కాగితంలా పాలిపోయి ఉన్నాయి. కొన్నింటికి మచ్చలు. అవన్నీ తాలే. ముసలావిడ ఒక కాయ ఎత్తి అందరికీ చూపించింది. వాళ్ళ నవ్వు పక్క కల్లం దాకా వినపడి ఉంటుంది.

"ఎర్ర చీర కింద అన్నీ ఎరుపే సార్" అంది నా శిష్యురాలు మెల్లగా. "అందుకే మేము నీడ కట్టుకోం."

నాకు మండుకొచ్చింది. "మరి ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను వాళ్ళమ్మతో.

"మీరు సారు గదండీ. అడిగితే చెప్పేదాన్ని."

చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఇందాక కాయ ఏరిన చెయ్యి. ఇక చూడండి నా అవస్థ. ఇద్దరు పట్టుకుని మొహం మీద బిందెడు నీళ్ళు పోశారు. అరగంట సేపు కళ్ళనీళ్ళు ఆగలేదు. అందులో కొన్ని మిరపకాయ వల్ల వచ్చినవి కావు, కానీ ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ మసక కళ్ళతోనే వాళ్ళ వాదన విన్నాను. ఒక్క కాయ మిగిలింది, సగం ఎరుపు, సగం తెలుపు. ఇప్పుడెలా ఉందో చూడాలని ఒకరు, నెల తర్వాత ఎలా అవుతుందో చూడాలని ఒకరు. మన కంటికి తాలైతే చాలదు, కొనేవాడి కంటికి కూడా కావాలని ముసలావిడ. కాసేపటికి ఆసామి వచ్చి, మంచి కాయేనని ఒట్టేసి మరీ చెప్పాడు. కొత్త కోడలు ధైర్యం చేసి, "అంత మంచిదైతే ఒట్టెందుకు బాబాయ్?" అంది. ఇందాక బిక్కమొహం వేసిన పిల్ల! ఇరవై రెండేళ్ళలో నా క్లాసులో ఇలాంటి మాట ఒక్కరి నోట రాలేదు. వచ్చిన ఒక్కసారీ నవ్వి, కూర్చోబెట్టాను.

బయల్దేరేటప్పుడు ఒక సంచీ నిండా అనుమానం కాయలు అడిగి తీసుకున్నాను. "అమ్మాయిని పంపించమ్మా" అన్నాను.

"దానికి రావాలనుంటే వచ్చిద్ది. నేను చెప్తే రాదండీ." నాకు అప్పటికి ఆవిడ పద్ధతి కొంచెం తెలిసింది కాబట్టి బతిమాలలేదు.

మర్నాడు క్లాసులో ఆరుగురు. బల్ల మీద పేపరు పరిచి కాయలు పోశాను. "ఏది ఎందులో వేస్తారో వేసి, ఎందుకో చెప్పండి" అన్నాను. ముందు నవ్వారు. తర్వాత ఒకడు ఒకటి వేశాడు, పక్కవాడు తీసేశాడు. పావుగంటకల్లా బెంచీలు దగ్గరికి జరిగాయి, గొంతులు లేచాయి. నిజం చెప్పొద్దూ, నా నోరు ఊరుకోలేదు. "దీన్నే తత్త్వశాస్త్రంలో..." అని మొదలుపెట్టాను. ఆరుగురూ టక్కున నోళ్ళు మూసుకుని పెన్నులు తీశారు. నాలుక కరుచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మళ్ళీ మొదలెట్టారు. గంట కొట్టినా లేవలేదు. పక్క క్లాసు మొత్తం తుమ్ములు. ప్రిన్సిపాల్ గారు ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని వచ్చి, "ఏంటి సార్ ఇది? ఫిలాసఫీయా, పచ్చడా?" అన్నారు.

"ఇంకా తేలలేదు సార్" అంది వెనక బెంచీ.

ఆప్షన్ ఫారాల రోజు రానే వచ్చింది. సాయంత్రం అయిదు వరకు గడువు. మధ్యాహ్నానికి నా చేతిలో ఆరు ఫారాలు. ల్యాబు కోసమని ఇద్దరు టేపు పట్టుకుని వచ్చి నా రూము కొలిచి కూడా వెళ్ళారు. మూడు దాటాక ఆ అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మంలో కనిపించింది. వేళ్ళ చివర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చేతిలో ఫారం, ఖాళీగా.

"సార్, ఒకటి అడగాలి. నా ప్రశ్నకి మూడో యూనిట్లో జవాబుందన్నారు. ఉందా?"

ఉందమ్మా అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. ఎన్నేళ్ళుగానో అలవాటైన మాట, దానికి శ్రమ కూడా అక్కర్లేదు. టేపు పట్టుకున్న మనుషులు, టై, ఇంటర్వ్యూలో నవ్వాల్సిన నవ్వు, అన్నీ గుర్తొచ్చాయి. ఎర్ర చీర కూడా గుర్తొచ్చింది.

"లేదమ్మా" అన్నాను. "నాకు జవాబు తెలియక అలా అన్నాను. అసలు మూడో యూనిట్ నేనెప్పుడూ చెప్పలేదు."

ఆ పిల్ల సంచీలోంచి లైబ్రరీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. మధ్యలో ఒక ఎండు మిరప తొడిమ గుర్తుగా పెట్టి ఉంది.

"తెలుసు సార్. కల్లం దగ్గరే మూడో యూనిట్ రెండుసార్లు చదివాను. నేనడిగిందే ఉంది. జవాబు మాత్రం లేదు. మీరు ఉందంటే కామర్స్ రాద్దామనుకున్నా."

నా పెన్నే తీసుకుని ఫారం నింపి, సంతకం పెట్టింది. ఏదో ఒకటి అడగాలని, "అమ్మ బాగుందా?" అన్నాను.

"బాగుంది సార్. మిమ్మల్ని ఆ రోజే అనుమానం కుప్పలో వేసింది. దగ్గరుండేదానివి నువ్వు కదా, చూసి తేల్చమంది."

"మరి తేల్చావా?" అన్నాను నవ్వుతూ. నవ్వాను గానీ, జవాబు కోసం ప్రాణం ఎంతలా కొట్టుకుందో నాకే తెలుసు.

ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూసింది. గ్రౌండులో ఎండ ఇంకా ఫెళఫెళలాడుతూనే ఉంది.

"ఇంకా పొద్దు వాలలేదు కదా సార్" అని, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది.

నేను ఏడు ఫారాలూ మరోసారి లెక్కపెట్టుకుని ప్రిన్సిపాల్ గారి గది వైపు నడిచాను.